అబ్సలాన్ నౌక నమూనా: 22 సెంట్ల ఖాళీ స్థలం, దాని చుట్టూ ఒక యుద్ధనౌక

నేవీలో ఇంజన్ రూమ్‌లో పనిచేసి రిటైరయ్యాను, శ్రీకాకుళంలో ఉంటాను. విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక సందులో ఇద్దరు ఇంజనీరింగ్ కుర్రాళ్లు త్రీడీ ప్రింటింగ్ షాపు నడుపుతున్నారు. వాళ్ల చేత డెన్మార్క్ వాళ్ల అబ్సలాన్ నౌక నమూనా చేయించాను. స్కేలు 1:350. అసలు నౌక 137 మీటర్లు, ఇది 39 సెంటీమీటర్లు. రంగులతో కలిపి 4,800 రూపాయలు.

ఆర్డరిచ్చిన రోజే చిన్న పేచీ వచ్చింది. డ్రాయింగ్ చూసి వాళ్లలో ఒకడు, "లోపలంతా ఖాళీయే కదా మాస్టారూ, నింపేద్దాం. సపోర్టులు పెట్టి మళ్లీ పీకే బాధ తప్పుద్ది, నౌక గట్టిగా ఉంటది" అన్నాడు. "ఆ ఖాళీకే బాబూ నేను డబ్బులిస్తున్నది" అన్నాను.

అది ఫ్లెక్స్ డెక్. హెలికాప్టర్ డెక్ కింద 915 చదరపు మీటర్లు, మన లెక్కలో 22 సెంట్ల పైమాటే. వెనక ర్యాంపు దించితే బళ్లు నేరుగా లోపలికి నడుస్తాయి. లెపర్డ్ యుద్ధ ట్యాంకులైతే 7, మామూలు వాహనాలైతే 55 దాకా పడతాయి. అవి వద్దనుకుంటే కంటైనర్లు దింపి ఆసుపత్రి పెట్టుకోవచ్చు, సముద్రంలో మైన్లు (శత్రు ఓడల్ని పేల్చే నీటి బాంబులు) వదలడానికీ అదే డెక్కు.

డెన్మార్క్ జనాభా సుమారు 60 లక్షలు. మన ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు కలిపితే 2011 జనాభా లెక్కల్లోనే 50 లక్షలు. అంత చిన్న దేశం యుద్ధానికో నౌక, సరుకుకో నౌక, ఆసుపత్రికో నౌక అని విడివిడిగా పోషించలేదు. ఆ తెలివి వాళ్లకు 1980ల్లోనే వచ్చింది. తుపాకులు, మిస్సైళ్లు ఒకే కొలత పెట్టెల్లో బిగించి, క్రేన్‌తో ఎత్తి మార్చుకునే స్టాన్‌ఫ్లెక్స్ పద్ధతి తెచ్చారు. దాంతో 22 పాత బోట్ల పని 14 కొత్త బోట్లతో నెట్టుకొచ్చారు. అబ్సలాన్, దాని జోడీ ఎస్బెర్న్ స్నేర్ ఆ దారిలోనే వచ్చాయి. అబ్సలాన్ 2008లో సోమాలియా వైపు సముద్రపు దొంగల మీద కాపలా కాసింది. ఎస్బెర్న్ స్నేర్ 2014లో సిరియా రసాయన ఆయుధాలు తరలించే ఓడలకు తోడుగా వెళ్లింది.

ఇంజన్ల సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. రెండు ఎంటీయూ కంపెనీ డీజిల్ ఇంజన్లు, అంతే. గ్యాస్ టర్బైన్ లేదు. వేగం 24 నాట్ల దగ్గర, అంటే గంటకు 44 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది, ఫ్రిగేట్లతో (వేగంగా వెళ్లే మధ్యరకం యుద్ధనౌకలు) పందేనికి పనికిరాదు. కానీ వంద మంది సిబ్బందితో నడుస్తుంది. మన ఫ్రిగేట్లలో అంతకు రెట్టింపు పైనే ఉంటారు. మెయింటెనెన్స్ చేసినవాడికే తెలుస్తుంది ఆ సుఖం.

నమూనాకొస్తే, పై భాగాన్ని చిన్న మాగ్నెట్లతో కూర్చోబెట్టారు. ఎత్తితే డెక్కంతా కనిపిస్తుంది, ట్యాంకులు కూడా వేసిచ్చారు. నౌక నడుమ గుంటలో మిస్సైల్ పెట్టెలు విడిగా ఊడొస్తాయి. ఇది నేను అడగలేదు, వాళ్లే నెట్‌లో చదివి చేశారు. ఇంటికి తెచ్చిన వారంలోనే ఒక పెట్టె మా మనవడి చేతిలో మాయమైందనుకోండి.

లోపాలూ ఉన్నాయి. వెనక ర్యాంపు కదలదు, మూసే ప్రింట్ చేశారు. ఖాళీ డెక్కు ఇచ్చి తలుపు తెరవకపోతే ఎలా? రెండు హెలికాప్టర్లు పట్టే హ్యాంగర్‌కి తలుపు బదులు నల్లరంగు పూసి ఊరుకున్నారు. ముందున్న 127 మిల్లీమీటర్ల తుపాకి గొట్టం బస్సులో విరిగింది. ఫోన్ చేస్తే గొడవ పడకుండా తీసుకురమ్మన్నారు, స్టీలు గుండుసూది కోసి పెట్టారు. ఇప్పుడు అదే బాగుంది.

నౌక మీద నా అభిప్రాయం కూడా రాస్తాను. 2018లో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసినప్పుడు జనరేటర్ల కోసం జనం పడ్డ పాట్లు చూశాను. అలాంటప్పుడు ఇలాంటి నౌక నిండా జనరేటర్లు, మంచినీళ్ల యంత్రాలు తెస్తే చాలా మేలు. అయితే దీని అడుగు నీళ్లలో 6 మీటర్లకు పైగా దిగుతుంది. బారువ ఒడ్డుకో కళింగపట్నం ఒడ్డుకో రాలేదు, ర్యాంపు దించాలంటే జెట్టీ కావాలి. లోపలుండే రెండు బోట్లు మనుషుల్ని దింపేవి, లారీల్ని కాదు. పైగా ఉన్నవి రెండే నౌకలు. ఒకటి డాక్‌లో ఉంటే సముద్రంలో ఒక్కటే, అది సోమాలియాలో ఉంటే డెన్మార్క్ పక్కనున్న బాల్టిక్ సముద్రంలో లేనట్టే. ఎన్ని పనులొచ్చినా ఒకేసారి రెండు చోట్ల ఉండలేదు కదా. సబ్‌మెరీన్ల టెన్షన్ పెరిగాక 2020లో డెన్మార్క్ వాళ్లే వీటిని ఫ్రిగేట్ల లెక్కలోకి మార్చి, సబ్‌మెరీన్ వేటకు సిద్ధం చేయడం మొదలెట్టారు. నన్నడిగితే చిన్న నేవీకి ఇలాంటివి మూడైనా ఉండాలి. రెండుంటే కాగితం మీదే బహుళ ప్రయోజనం.

షాపుకి వెళ్లేవాళ్లకు రెండు మాటలు. కదిలే భాగాలు ఏవి కావాలో ముందే కాగితం మీద రాయించుకోండి. వాళ్లు వాడేది పీఎల్‌ఏ ప్లాస్టిక్, 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో ఎండలో పెట్టిన కారులో వదిలేశారంటే నౌక వంకర తిరుగుతుంది. కొరియర్ మాత్రం వద్దు, వెళ్లి తెచ్చుకోండి.