5356 అని 4043 అంటగడుతున్నారు, అల్యూమినియం టిగ్ రాడ్లు కొనేవాళ్లు జాగ్రత్త

ఫాబ్రికేషన్ చేసే అన్నలందరికీ ఒక మాట. 5356, 4043 అంటే టిగ్ వెల్డింగ్‌లో జాయింట్‌లోకి కరిగించి నింపే అల్యూమినియం రాడ్ల గ్రేడ్లు. ఒక సప్లయర్ దగ్గర 5356 రాడ్లు తీసుకున్నాం, సర్టిఫికెట్ కూడా ఇచ్చాడు, తీరా చూస్తే అది 5356 కానే కాదు.

6063 గ్రేడ్ అల్యూమినియం పైపు రెయిలింగ్ జాబ్, వెల్డింగ్ అయ్యాక అనోడైజింగ్‌కి (కరెంటుతో పైన ఆక్సైడ్ పొర ఎక్కించే ఫినిషింగ్) పంపినం. తిరిగొచ్చినప్పుడు పైపంతా తెల్లగా మెరుస్తుంది, ప్రతి జాయింట్ దగ్గర వెల్డ్ మాత్రం బొగ్గు పూసినట్టు నల్లగా ఉంది. 5356 అయితే రంగు దాదాపు కలిసిపోతది, ఇట్లా నల్లబడేది 4043, దాంట్లో సిలికాన్ 4.5 నుంచి 6 శాతం దాకా ఉంటది కదా. మిగిలిన రాడ్లు కరిగించి ప్యాడ్ పోసి ల్యాబ్‌లో స్పెక్ట్రో (ఏ మూలకం ఎంత శాతం ఉందో చూసే టెస్ట్) చేయిస్తే సిలికాన్ 5 శాతం దగ్గర వచ్చింది, మెగ్నీషియం లేనట్టే. 5356లో మెగ్నీషియం 4.5 నుంచి 5.5 ఉండాలి.

ఇక ఆ సర్టిఫికెట్ సంగతి. టెస్ట్‌లో వచ్చిన మెగ్నీషియం వాల్యూ రాయాల్సిన కాలమ్‌లో "4.5-5.5" అని స్టాండర్డ్‌లో ఉన్న రేంజే దించేశారు, నిజంగా టెస్ట్ చేస్తే ఒక్క నంబరే వస్తది, రేంజ్ ఎట్లా వస్తది? బెరీలియం లిమిట్ 0.0008 శాతం అని ఉంది, అది పాతది, ఈ రాడ్లకు అమెరికన్ వెల్డింగ్ సొసైటీ పెట్టిన స్టాండర్డ్ ఏడబ్ల్యూఎస్ ఏ5.10లో దాన్ని 0.0003కి తగ్గించి ఏళ్లయింది, అంటే ఎప్పటిదో కాగితం తేదీ మార్చి ఇస్తున్నారు. ప్యాకెట్ మీద లాట్ (బ్యాచ్) నంబర్ ఒకటి, కాగితం మీద ఇంకొకటి. పైన ఈఎన్ 10204 (టెస్ట్ సర్టిఫికెట్ల యూరప్ స్టాండర్డ్) టైప్ 3.1 అని పెద్దగా కొట్టి కింద ట్రేడర్ స్టాంపు వేశారు, 3.1 అంటే తయారుచేసిన కంపెనీలో ప్రొడక్షన్‌తో సంబంధం లేని క్వాలిటీ మనిషి సంతకం ఉండాలి.

మాది రెయిలింగ్ కాబట్టి రంగుతో పోయింది. అదే మెగ్నీషియం ఎక్కువుండే 5083 అల్యూమినియం ట్యాంక్ మీద 4043 పడితే జాయింట్ పెళుసుగా అయితది, లోడ్ పడ్డప్పుడు పగిలితే మనుషుల ప్రాణం మీదికొస్తది, నాకు నిద్ర పట్టనిది దానికే.

పీఓలోనే (కొనుగోలు ఆర్డర్‌లోనే) "ఇదే లాట్‌కి కెమిస్ట్రీ యాక్చువల్ వాల్యూస్‌తో 3.1 కావాలి" అని రాయండి. ఒక్కో రాడ్ చివర్న గ్రేడ్ పంచ్ ఉందో లేదో చూడండి, మాకొచ్చిన వాటి మీద ఏమీ లేదు.

సప్లయర్ రాడ్లు వెనక్కి తీసుకుంటా అంటున్నాడు గానీ అనోడైజింగ్, రీవర్క్ ఖర్చు ఇవ్వనంటున్నాడు. ఇట్లాంటి దాంట్లో ఎవరైనా డబ్బులు రాబట్టి ఉంటే ఎట్లా చేశారో చెప్పండి అన్నా, ల్యాబ్ రిపోర్ట్ నా దగ్గరుంది.