లామోట్రిజిన్ తొమ్మిదేళ్లు వాడాక: నా గొడవంతా పేరుతోనే

ఈ మందు ఎందుకు వాడతారో మొదటి నుంచీ చెప్పే ఓపిక నాకు లేదు. వాడేవాళ్లకు ఎలాగూ తెలుసు. ఫిట్స్‌కీ ఇస్తారు, మనసు కొన్నాళ్లు ఉప్పొంగి కొన్నాళ్లు కుంగిపోయే బైపోలార్‌కీ ఇస్తారు. నాకు రెండూ ఉన్నాయి కాబట్టి ఒకే మాత్ర రెంటికీ పనికొస్తుందని మా డాక్టరమ్మ మొదలుపెట్టింది. పొద్దున 100 ఎంజీ, రాత్రి 100, దానికి తోడు రాత్రిపూట వాల్‌ప్రోయేట్ అనే ఇంకో ఫిట్స్ మాత్ర ఒకటి. తొమ్మిదేళ్లలో నాలుగు కంపెనీల లామోట్రిజిన్ మింగాను. నాలుగింటిలో ఏది బాగా పనిచేసిందంటే నిజంగా చెప్పలేను. దేని మీద కోపమంటే మాత్రం వెంటనే చెబుతాను. స్ట్రిప్ మీద కంపెనీవాళ్లు పెట్టే పేరు మీద.

ఆ కథ చెప్పే ముందు ఒక్క మాట. మా కర్నూలులో "జనరిక్" అంటే చౌక షాపులో దొరికేది, "కంపెనీ మందు" అంటే మామూలు మెడికల్ షాపులో దొరికేది. చాలా ఏళ్లు నేనూ అలాగే అనుకున్నాను. అసలు సంగతేమంటే రెండూ జనరిక్‌లే. మొదట కనిపెట్టిన కంపెనీ పేటెంటు గడువు ఎప్పుడో తీరిపోయింది. ఇప్పుడు మనకు దొరికేవి దాదాపుగా అన్నీ అదే మందును ఎవరికి వాళ్లు తయారుచేసి, ఎవరి పేరు వాళ్లు తగిలించి అమ్మేవే. ఒక పేరు పక్కన ఇంకో పేరు పెడితే అన్నదమ్ములని ఎవరూ పోల్చుకోలేరు.

రెండేళ్ల కింద సెప్టెంబరు. నేను మార్కెట్ యార్డులో ఒక మండీలో లెక్కలు రాస్తాను. ఉల్లి వచ్చే కాలం, ఊపిరాడదు. లారీల వెనక ట్రాక్టర్లు, ట్రాక్టర్ల వెనక ఆటోలు. మాత్రలు అయిపోవస్తున్నాయని నేను చెబితే మావాడు సాయంత్రం షాపుకు వెళ్లాడు. మేము ఎప్పుడూ తీసుకునేది ఆ రోజు లేదట. "అదే మందు, కంపెనీ వేరే, ఏం కాదు" అని షాపతను ఇంకో పేరుది మూడు స్ట్రిప్పులు ఇచ్చాడు. అంతకు ముందు వాడినవన్నీ "లామ" అని మొదలయ్యేవి. దీని పేరులో ఆ అక్షరాలే లేవు. షాపతను చెప్పిన మాట మావాడి చెవిలో పడిందో, ఫోనులో కలిసిపోయిందో తెలీదు. ఇంటికొచ్చి వాళ్లమ్మకు చెప్పింది ఒక్కటే. "అమ్మా, కొత్త మాత్ర ఇచ్చినాడు."

పాత స్ట్రిప్పులు ఇంకా ఎనిమిది రోజులకు సరిపడా ఉన్నాయి. అంతకు వారం ముందే నేను డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి నిద్ర సరిగ్గా పట్టడం లేదని చెప్పి వచ్చాను. మా ఇంటావిడ రెండూ కలుపుకుని, ఆమె ఇంకో మాత్ర రాసిందనుకుంది. ఆదివారం రాత్రి ఏడు గళ్ల ప్లాస్టిక్ డబ్బా ముందేసుకుని, ప్రతి గడిలో పాతదీ కొత్తదీ రెండూ వేసింది. సోమవారం పొద్దున అరచేతిలో ఒకటికి రెండు కనిపించాయి. చూడలేదని అబద్ధం చెప్పను, చూశాను. డాక్టరమ్మ పెంచిందని తననుకుంది, తను చూసే వేసుంటుందని నేననుకున్నాను. ఇద్దరం ఒకరినొకరు ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

సోమ, మంగళ ఏమీ లేదు. బుధవారం మెట్లు దిగుతుంటే కాలు ఎక్కడ పెడుతున్నానో కొంచెం తేడాగా అనిపించింది. గురువారం తూకం చీటీలు చూసి పద్దు రాస్తుంటే గీత కింద గీత, అంకె పక్కన అంకె. 47 బస్తాలు రాసి ఉన్న చోట ఒకదాని మీద ఒకటి జరిగిన రెండు 47లు. కళ్లజోడు తుడిచాను, తీసి చూశాను, లాభం లేదు. ఊరికే ఒక కన్ను మూసి చూస్తే అంకెలు చక్కగా ఒక్కటయ్యాయి. ఆ మధ్యాహ్నమంతా ఎడమ కన్ను చేత్తో మూసుకుని లెక్కలు రాశాను. తప్పు ఒక్కటి పోలేదు, అది వేరే సంగతి.

శుక్రవారం పొద్దున మండీలోకి నడుస్తుంటే బస్తాల మధ్య తూలాను. హమాలీలు నవ్వారు. సేటు అదోలా చూసి "ఏమప్పా, పొద్దున్నే వేసుకొచ్చినావా?" అన్నాడు. నేను కూడా నవ్వేశాను. తాగానంటే ఒక నవ్వుతో పోతుంది. ఫిట్స్ మాత్రలు వాడతానని అక్కడ ఎవరికీ తెలీదు, తెలియనివ్వలేదు. నగదు పెట్టె దగ్గర కూర్చునేవాడికి ఆ మాట బయటపడితే ఏమవుతుందో నాకు తెలుసు. సాయంత్రం ఆటోలో ఇంటికి వస్తుంటే దారిలో కొండారెడ్డి బురుజు. ఒక కన్ను మూస్తే ఒక బురుజు, తెరిస్తే రెండు. కర్నూలులో పుట్టి పెరిగినవాడికి ఆ బురుజు రెండుగా కనిపించడం ఎలా ఉంటుందో చెప్పలేను. బుర్రలో ఏదో పుట్టిందని, ఇక స్కానింగులూ హైదరాబాదూ అని రాత్రంతా టెన్షన్. ఇంటావిడకు అప్పుడు చెప్పాను.

శనివారం డాక్టరమ్మ "మాత్రలన్నీ తెచ్చినారా?" అంది. సంచిలోవి టేబుల్ మీద పోశాం. ఆమె అందులోంచి రెండు స్ట్రిప్పులు ఏరి, వెనక్కి తిప్పి, పక్కపక్కన పెట్టి, బొటనవేలు ఒక్కో పేరు కింద పెట్టి చూపించింది. రెంటి మీదా లామోట్రిజిన్ 100. అంటే ఆరు రోజులుగా నేను రోజుకు 400 మింగుతున్నాను, అదీ వాల్‌ప్రోయేట్‌తో కలిపి. వాల్‌ప్రోయేట్ పక్కన ఉంటే లామోట్రిజిన్ ఒంట్లోంచి తొందరగా పోదు. సగం తగ్గడానికే రెండు రోజులు దాటుతుందట. అందుకే మొదటి రోజే కొట్టకుండా నెమ్మదిగా పేరుకుంటూ వచ్చి గురువారానికి కళ్ల మీద పడింది.

ఆమె భయం మాత్రం కళ్ల గురించి కాదు. నోరు తెరవమని లోపల చూసింది, చొక్కా పైకెత్తమని ఛాతీ, వీపు చూసింది. ఈ మందు డోస్ ఒక్కసారిగా పెరిగితే ఒళ్లంతా దద్దుర్లు లేచి, స్టీవెన్స్-జాన్సన్ అనే ప్రాణం మీదికొచ్చే జబ్బుకు దారితీయొచ్చు. అందుకే నాకు మొదట్లో రోజు విడిచి రోజు 25తో మొదలుపెట్టి, అసలు డోస్‌కి చేరడానికి రెండు నెలలు తీసుకుంది. ఆ రెండు నెలల ఓర్పును మా ప్లాస్టిక్ డబ్బా ఆరు రోజుల్లో తుడిచేసింది. అదృష్టం, దద్దుర్లు రాలేదు. ఎలా తగ్గించిందో ఇక్కడ రాయను, ఎవరి లెక్క వాళ్లది. చూపు పూర్తిగా ఒక్కటి కావడానికి ఇంకో వారం పట్టింది.

ఈ పేర్ల తంటా మన దగ్గరే అనుకున్నాను. అసలు కంపెనీ పెట్టిన పేరు లామిక్టాల్ కదా, దాన్ని తామరకు వాడే లామిసిల్‌తో కలగాపులగం చేసి షాపుల్లో తప్పు మందు ఇచ్చేస్తున్నారని అమెరికాలో మందు కాగితం మీదే హెచ్చరిక వేశారు. లామివుడిన్‌తో కూడా తికమక పడుతున్నారని అందులోనే ఉంది. అది హెచ్‌ఐవీ మందు. మూర్ఛ ఉన్నవాడికి తామర మాత్ర ఇస్తే ఏమవుతుంది? ఫిట్స్ మాత్ర ఒక్కసారిగా ఆగిపోయినట్టే. ఆ వైపు పోలిన పేర్లతో ప్రమాదం, మా ఇంట్లో పోలని పేర్లతో ప్రమాదం.

2018 నుంచి మన దగ్గర మందు అసలు పేరును కంపెనీ పేరు కన్నా కనీసం రెండు సైజులు పెద్దగా అచ్చు వేయాలని రూలు వచ్చింది. పెద్దగానే ఉందేమో, కానీ వెండి రేకు మీద మెరుస్తూ ఉంటుంది, యాభై దాటిన కళ్లకు దీపం కింద పట్టుకుంటే తప్ప ఆనదు. పైగా షాపులో నాలుగు మాత్రలు కత్తిరించి ఇస్తే పేరు కూడా కత్తిరింపులో పోతుంది. నా దగ్గర "ట్రిజిన్" అని మాత్రమే మిగిలిన ముక్క ఒకటుంది. ఇంకో రూలు కూడా ఉంది. డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ మందుకు చీటీలో ఉన్న బ్రాండు బదులు షాపతను తనంతట తాను ఇంకోటి ఇవ్వకూడదు. ఆ మాట మన బజారులో అని చూడండి, ఏం సమాధానం వస్తుందో మీకే తెలుస్తుంది. మా షాపతన్నీ నేను తిట్టను. మందు లేకుండా పంపకుండా ఏదో ఒకటి ఇచ్చాడు. చీటీ మీద "పాతది మానేసి ఇది" అని ఒక్క ముక్క రాసి ఉంటే ఇదంతా రాసే పని నాకుండేది కాదు.

ఆ తర్వాతే నేను చౌక షాపు జనరిక్‌కి మారాను. డబ్బు కోసం అనుకుంటారు. నెల ఖర్చు సగానికి పైగా తగ్గిన మాట నిజమే, కానీ నాకు నచ్చింది ఆ స్ట్రిప్. దాని మీద మారుపేరు లేదు. లామోట్రిజిన్ టాబ్లెట్స్ ఐపీ, 100 ఎంజీ, అంతే. డాక్టరమ్మ కాగితం మీదా అదే, స్ట్రిప్ మీదా అదే, మా ఇంటావిడ డబ్బా మూత మీద తెలుగులో రాసుకున్నదీ అదే. ఆమె ఇప్పుడు కంపెనీ చూడదు, ఆ పేరే చదువుతుంది.

చౌకది సరిగ్గా పనిచేస్తుందా అని మారేముందు భయపడ్డాను. జనరిక్‌ను అసలు మందుతో సమానమని ఒప్పుకోవడానికి పెట్టిన 80 నుంచి 125 అనే అంకెలు మీరూ వినే ఉంటారు, ఒక మాత్రలో నూటికి 80 పాళ్లే ఉండొచ్చట, ఇంకోదాంట్లో 125 ఉండొచ్చట అని. నేనూ అదే నమ్మి డాక్టరమ్మను అడిగాను. మాత్రలో మందు ఎంతుందన్న లెక్క కాదట అది. రెండు మాత్రలు వేసుకున్నప్పుడు రక్తంలో మందు ఎంత చేరిందో పోల్చి, ఆ లెక్క అటూ ఇటూ తప్పే అవకాశాన్ని కూడా కలుపుకుని మొత్తం 80కీ 125కీ మధ్యే ఉండాలట. కాబట్టి అసలు తేడా సాధారణంగా చాలా తక్కువే ఉంటుందని చెప్పింది. 2016లో వచ్చిన ఒక అమెరికా పరిశోధన గురించి కూడా చెప్పింది. ఒకదానికొకటి బాగా తేడాగా ఉన్న రెండు జనరిక్ లామోట్రిజిన్‌లను ఏరి, మూర్ఛ ఉన్నవాళ్లకే అటూ ఇటూ మార్చి ఇచ్చి చూస్తే రక్తంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదట. మాత్ర రంగు మారితే కొందరు రోగులు మాత్రలే మానేస్తున్నారని 2013లో అక్కడే ఇంకో పరిశోధన వచ్చిందట. అది విని మా ఇంటావిడ వైపు చూశాను. మా ఇంట్లో తిరగబడింది, మానలేదు, రెండూ వేసింది.

మారిన కొత్తలో యార్డులో నమ్మకస్తులు ఇద్దరికి (వాళ్లది బీపీ) చౌక షాపే మేలని గట్టిగా చెప్పాను. ఇప్పుడైతే అంత గట్టిగా చెప్పను. మారిన రెండో నెల నాకు పది రాత్రులు నిద్ర సరిగ్గా లేదు, మాట వేగం పెరిగిందని ఇంట్లో అన్నారు (బైపోలార్ మళ్లీ లేస్తుందేమోనని భయపడాల్సిన గుర్తులివి). అదే నెలలో ఉల్లి ధర పడిపోయి, రైతులు మా మండీ ముందు కూర్చున్నారు, బాకీలు వసూలు కాలేదు. నిద్ర పోయింది మందు వల్లా, ఉల్లి వల్లా? డాక్టరమ్మ కూడా తేల్చలేదు, మార్చకుండా చూద్దామంది. మూడో నెలకు సర్దుకుంది.

ఇంకోటి, చిన్నదే. మధ్యలో కొన్నాళ్లు సగం మాత్ర వేసుకోవాల్సి వచ్చింది. పాత కంపెనీది మధ్య గీత మీద బొటనవేళ్లతో నొక్కితే టక్కున రెండు సమాన ముక్కలయ్యేది. ఇది మూడు ముక్కలూ కాస్త పిండీ. కాగితం మీద పెట్టి విరిచి, పిండిని నాలుకతో అద్దుకున్నాను. సగాలు వేసుకోవాల్సినవాళ్లు ఈ సంగతి ముందే చూసుకోండి. షాపులో సరుకు లేని వారాలు కూడా ఉన్నాయి, అందుకే పదిహేను రోజుల ముందే వెళ్తాను. ఇది మధ్యలో కొన్ని రోజులు మానేస్తే మళ్లీ పాత డోస్‌తో మొదలుపెట్టడానికి లేదు, కింద నుంచి ఎక్కాలి.

నాకు చివరిసారి ఫిట్స్ వచ్చి ఆరేళ్లు దాటింది, బండి నడపను, మాత్రలు చూసుకునే మనిషి ఇంట్లో ఉంది. నా అభిప్రాయం వీటన్నిటి మీద ఆధారపడింది. నెలకోసారి ఫిట్స్ వచ్చేవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు, గర్భం రాకుండా మాత్రలు వాడే ఆడవాళ్లు (వాటిలో చాలావాటితో ఈ మందు రక్తంలో బాగా తగ్గిపోతుంది) నా మాట పట్టుకుని ఏదీ మార్చవద్దు. అయినా నేను అదే షాపుకు వెళ్తాను, అదే కంపెనీది అడుగుతాను. ఆ కంపెనీది లేదంటే డాక్టరమ్మకు ఫోన్ చేశాకే ఇంకోటి తీసుకుంటాను.

ఆ కొత్త పేరు మాత్రలు పద్దెనిమిది ఇంకా బీరువాలో ఉన్నాయి. మందు మంచిదే, గడువు కూడా ఉంది, వేసుకుంటే లామోట్రిజినే. రబ్బరు బ్యాండు వేసి, మీద కాగితం చుట్టి, "ఇదీ అదే" అని మావాడి చేత పెద్దక్షరాలతో రాయించింది మా ఇంటావిడ. వాటిని వాడను, పారేయలేను.