వేడినీళ్లకు బకెట్టు యాభై, నాయన దగ్గర అన్నం ఊరికే

నల్లమల అడవిలో జ్యోతి అనే చోట ఉన్న కాశినాయన గుడికి పోవాలని అమ్మ ఏడాదిగా పోరుతోంది. చివరికి మొన్న శనివారం అమ్మ, నేను, మా బావమరిది ముగ్గురం నంద్యాల నుంచి గిద్దలూరు మీదుగా పోరుమామిళ్ల చేరాం. సాయంత్రం చెరువుకట్ట చూశాం. 1369లో విజయనగర రాకుమారుడు భాస్కరుడు వేయించిన శాసనం ఈ చెరువుదే. వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్లు పనిచేశారని అందులో ఉంటుంది. కట్ట మీద గాలి బాగుంది. అంతవరకూ ఏ గొడవా లేదు.

గొడవంతా లాడ్జిలో. పేరు రాయను. గది 800 అన్నాడు, సరే అన్నాం. పొద్దున బిల్లు 1,450. అదేంటంటే వేలు మడిచి లెక్క చెప్పాడు. మూడో మనిషికి పరుపు 250 (పరుపు కాదు, వాసన కొట్టే బొంత), కరెంటు పోయినప్పుడు జనరేటర్ వేసినందుకు 250, వేడినీళ్లు బకెట్టుకు 50 చొప్పున ముగ్గురికి 150. కరెంటు పోయింది అరగంట. ఆ అరగంటా ఫ్యాను తిరగలేదు, ఒక్క బల్బు వెలిగింది. ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే, "మీరు అడిగినారా?" అన్నాడు, తల కూడా ఎత్తకుండా. మా బావమరిది చొక్కా చేతులు పైకి మడవడం మొదలుపెట్టాడు. అమ్మ "గుడికి పోతా తగువులేంది, పారెయ్" అని తనే డబ్బులు తీసి బల్ల మీద పెట్టింది. బావమరిది మాత్రం ఆటో ఎక్కినా ఒక్క మాట మాట్లాడలేదు. జ్యోతికి ఆటో రానూపోనూ, అక్కడ ఆగడంతో కలిపి 900కు కుదిరింది.

కాశినాయన అసలు పేరు మున్నెల్లి కాశిరెడ్డి. పుట్టింది నెల్లూరు జిల్లా సీతారామపురం మండలం బెడుసుపల్లి. ఊళ్లు తిరుగుతూ, నల్లమలలో పాడుబడిన గుళ్లు బాగుచేయిస్తూ, పోయినచోటల్లా పొయ్యి రాజేసి వచ్చినవాళ్లకు అన్నం పెట్టిన అవధూత. 1995లో జ్యోతిలో సమాధి అయ్యారు. ఇప్పుడు కడప జిల్లాలో ఆయన పేరుతో ఏకంగా ఒక మండలమే ఉంది. ఇక్కడివాళ్లకు ఆయన స్వామీ కాదు, బాబా కాదు, ఇంట్లో పెద్దమనిషిని పిలిచినట్టు 'నాయన'. మా ఆటో డ్రైవరు దారి పొడుగునా "నాయన అట్లంటాండె, నాయన ఇట్లంటాండె" అని నిన్న చూసినట్టే చెప్పుకొచ్చాడు. మనిషిని చూస్తే నాయన పోయేనాటికి పుట్టాడో లేదో!

2025 మార్చిలో ఇక్కడ కొన్ని కట్టడాలు అడవి భూమిలో ఉన్నాయని అటవీ అధికారులు కూల్చేశారు. మంత్రి లోకేశ్ క్షమాపణ చెప్పి, సొంత డబ్బుతో కట్టిస్తానన్నారు. ఆ మాట ఎత్తగానే డ్రైవరు గొంతు మారిపోయింది. పులులు తిరిగే అడవి, చట్టం చట్టమే కదా అని నేను అనబోయి, అమ్మ మొహం చూసి ఊరుకున్నా.

దారిలో టైరు పంక్చరై గంటన్నర పోయింది. జ్యోతి చేరేసరికి మధ్యాహ్నం మూడున్నర. ముందు నరసింహస్వామికి, తర్వాత నాయన సమాధికి మొక్కాం. ఈ వేళప్పుడు భోజనం ఏముంటుందిలే, బిస్కెట్లు కొందామని నేను జేబు తడుముకుంటుంటే, వంటశాల వైపు నుంచి ఒక పెద్దాయన కేకేశాడు.

"యాడికప్పా పోతాండారు? తిన్నారా?"

లేదన్నాం. అంతే. ఏ ఊరు, ఎంతమంది, టోకెను ఉందా అని ఒక్క ప్రశ్న లేదు. ఆకులు వేశారు. అన్నం వేడిగా ఉంది, ఆ వేళకు వేడిగా ఎలా ఉందో నాకు అర్థం కాలేదు. చిక్కటి కందిపప్పు, వంకాయ కూర, చారు, పలుచటి మజ్జిగ. డ్రైవరు దూరంగా నిలబడితే "నువ్వు మనిషివి గాదా?" అని కసిరి కూర్చోబెట్టారు. పొద్దుట్నుంచి నోరు విప్పని మా బావమరిది మూడోసారి పప్పు అడిగాడు. వడ్డించేవాళ్లు విసుక్కోలేదు, నవ్వారు. అమ్మ సగంలో తినడం ఆపి కళ్లు తుడుచుకుంది. కారం ఎక్కువైందంది. కారం ఎక్కువేమీ లేదు.

డబ్బు ఎవరూ అడగరు. హుండీలో వేసుకోవచ్చు.

పోయేవాళ్లకు నా మాట: పోరుమామిళ్లలో రాత్రి ఉండక తప్పకపోతే నీళ్లకెంత, కరెంటుకెంత అని ముందే అడిగి, కాగితం మీద రాయించుకోండి. నన్నడిగితే తెల్లవారుజామునే బయల్దేరి, చీకటి పడకముందే అడవి దాటి వచ్చేయండి. ఆటో టైర్లు చూసి మరీ ఎక్కండి. తినడానికేమీ మూట కట్టుకోవద్దు.

తిరిగి వచ్చేటప్పుడు బావమరిది హుండీలో ఎంత వేశాడో చెప్పలేదు. ఆటోలో మాత్రం "బావా, అహోబిలంలో కూడా నాయన సత్రం ఉందంట గదా, వచ్చే నెల పోదామా" అన్నాడు.