పాలిటెక్నిక్కా, బీటెక్కా, మామూలు డిగ్రీయా: గోదావరి డెల్టా ఇంటికి ఏది మేలు?

ముందు వయసుల లెక్క చూడండి. చాలా ఇళ్లలో పొరపాటు అక్కడే మొదలవుతోంది. పదో తరగతి 16 ఏళ్లకు పూర్తయిందనుకుందాం. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు, 22కి పట్టా చేతికొస్తుంది. అదే కుర్రాడు పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి డిప్లొమాలో చేరితే మూడేళ్లు. ఆ తర్వాత డిప్లొమా వాళ్లకు పెట్టే ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి వెళితే ఇంకో మూడేళ్లు. అదీ 22కే. పట్టా ఒకటే, వయసూ ఒకటే. తేడా ఏమిటంటే, రెండో దారిలో 19 ఏళ్లకే చేతిలో ఒక డిప్లొమా ఉంటుంది. నాన్న ఆరోగ్యం దెబ్బతిన్నా, రొయ్యల చెరువు మునిగి ఆ ఏడాది చేతిలో డబ్బు ఆడకపోయినా, కుర్రాడు అక్కడ ఆగి ఉద్యోగంలో చేరగలడు. ఇంటర్ పాసై బీటెక్ మధ్యలో ఆపేసిన వాడికి ఆ వీలు లేదు.

ఖర్చులో తేడా ఇంకా పెద్దది. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఏడాది ఫీజు ఐదు వేలు దాటదు, ప్రైవేటులో పాతిక వేలు. కార్పొరేట్ ఇంటర్ హాస్టల్‌లో ఒక్క ఏడాదికి కట్టేది మూడేళ్ల డిప్లొమా మొత్తానికి సరిపోగా ఇంకా మిగులుతుంది. కాకినాడ ఆంధ్రా పాలిటెక్నిక్, తణుకు ఎస్ఎంవీఎం పాలిటెక్నిక్ లాంటి పాత చోట్ల సీటు వస్తే వదులుకోవద్దని గట్టిగా చెబుతాం.

ఈ దారిలో ఎక్కడ తేడా కొడుతుందో కూడా తెలియాలి. మొదటి ఏడాది లెక్కలు, ఇంజనీరింగ్ డ్రాయింగ్ దగ్గర చాలామంది బోర్లా పడతారు. తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంగ్లిష్‌లో పరీక్ష రాయాల్సి రావడం ఒక కారణం, 16 ఏళ్లకే కాలేజీ స్వేచ్ఛ రావడం ఇంకో కారణం. మొదటి ఏడాది సబ్జెక్టులు మూడో ఏడాది దాకా మోసుకొచ్చిన వాడు ఈసెట్‌కు చదవలేడు. రెండోది, ఆరు నెలల ఇండస్ట్రియల్ ట్రైనింగ్. తెలిసిన వాళ్ల దగ్గర సంతకం పెట్టించుకుని ఇంట్లో కూర్చుంటే డిప్లొమాలో అసలు విలువైన భాగం పోయినట్టే. మూడోది, డిప్లొమా వాళ్ల లెక్కల పునాది ఇంటర్ ఎంపీసీ వాళ్లంత గట్టిగా ఉండదు. బీటెక్ రెండో ఏడాదిలో అడుగుపెట్టగానే ఆ లోటు బయటపడుతుంది. పైగా ఈసెట్‌లో ఒక్కో బ్రాంచికి సీట్లు కొద్దే. జేఈఈ రాసి ఐఐటీకో, తాడేపల్లిగూడెం నిట్‌కో వెళ్లగల సత్తా ఉన్న పిల్లలకు మాత్రం ఇంటరే దారి. వాళ్లను డిప్లొమాలో వేయకండి.

ప్యాకేజీ అంటే చేతికొచ్చే జీతం కాదు

పెద్ద ఐటీ సేవల కంపెనీల్లో కొత్తగా చేరే మామూలు బీటెక్ వాళ్ల ప్యాకేజీ చాలా ఏళ్లుగా ఏడాదికి మూడున్నర లక్షల దగ్గరే ఆగిపోయింది. దాన్ని 12తో భాగించి 29 వేలు అనుకుంటారు. అందులో కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ, పనితీరును బట్టి ఇచ్చే భాగం తీసేస్తే చేతికి వచ్చేది పాతిక వేల చుట్టుపక్కల. హైదరాబాద్‌లో హాస్టల్, తిండి, బస్సు పోగా ఇంటికి పంపగలిగేది ఎంతో మీరే లెక్కేసుకోవచ్చు. పైగా చాలా కంపెనీలు పదిలో, ఇంటర్‌లో, బీటెక్‌లో అన్నిట్లో 60 శాతం అడుగుతాయి. ఒక్క బ్యాక్‌లాగ్ (పాస్ కాకుండా మిగిలిన సబ్జెక్టు) ఉన్నా పరీక్ష హాల్లోకే రానివ్వనివి ఉన్నాయి.

ఇప్పుడు అప్పు. ఏడాదికి 1.25 లక్షల చొప్పున నాలుగేళ్లలో ఐదు లక్షల విద్యా రుణం, 10.5 శాతం వడ్డీ అనుకోండి. చదువు అయ్యాక ఏడాది దాకా కిస్తీ ఉండదు కాబట్టి హాయిగా ఉంటుంది. కానీ ఆ ఐదేళ్లూ సాధారణ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. మొదటి ఏడాది తీసుకున్న సొమ్ముకు ఐదేళ్లు, చివరి ఏడాది సొమ్ముకు రెండేళ్లు, అంతా కలిపి 1,83,750 రూపాయలు. అసలు 6,83,750 అవుతుంది. పదేళ్ల కిస్తీ నెలకు దాదాపు 9,200. పాతిక వేల జీతంలో మూడో వంతుకు పైనే. అదే చదువుతున్నప్పుడే నెలనెలా వడ్డీ కట్టేస్తే (మొదటి ఏడాది నెలకు 1,100, నాలుగో ఏడాదికి 4,400) కిస్తీ 6,750 దగ్గర ఆగుతుంది. అరెకరం కొబ్బరి తోట అమ్మాలా, అప్పు చేయాలా అని ఊగిసలాడే ఇంట్లో ఈ లెక్క కాగితం మీద వేసుకోవాలి. అమ్మిన పొలం తిరిగి రాదు. మేనేజ్‌మెంట్ కోటా సీటు కోసం పొలం అమ్మడం మాకు ఏ లెక్కన చూసినా తప్పే.

ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందన్న ధీమాతో చేరే వాళ్లకు ఒక మాట. ప్రభుత్వం నుంచి సొమ్ము ఆలస్యమైతే కాలేజీ మీ మీద పడుతుంది. ఒక సెమిస్టర్ ఫీజు చేతిలో ఉంచుకోకుండా చేరవద్దు.

ప్రభుత్వ ఉద్యోగాల్లో లెక్క ఇంకోలా ఉంటుంది. రైల్వేలో జూనియర్ ఇంజనీరు ఉద్యోగానికి డిప్లొమా చాలు. ఏడో వేతన సంఘం ప్రకారం మూల వేతనం 35,400. ఐటీఐ చేసిన వాళ్లకు అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగం ఉంది, అక్కడ 19,900. గ్రామ సచివాలయాల్లో ఎనర్జీ అసిస్టెంట్లను ఎలక్ట్రికల్ ఐటీఐతోనే తీసుకున్నారు. ఇక బ్యాంకు పీవో (ప్రొబేషనరీ ఆఫీసరు), గ్రూప్-2, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పెట్టే ఎస్ఎస్‌సీ సీజీఎల్ లాంటి వాటికి డిగ్రీ తప్పనిసరి. ఏ డిగ్రీ అయినా చాలు. బ్యాంకు పీవో మూల వేతనం 48,480. అంటే ఈ దారిలో వెళ్లాలనుకునే వాళ్లకు నాలుగేళ్ల బీటెక్ కన్నా రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలోనో, కాకినాడ పీఆర్ కాలేజీలోనో కొద్దిపాటి ఫీజుతో మూడేళ్ల డిగ్రీ చాలా మేలు. పీవోకు 30 ఏళ్ల దాకా, క్లర్కుకు 28 దాకా రాయొచ్చు. డిగ్రీ రెండో ఏడాది నుంచే అరిథ్‌మెటిక్, రీజనింగ్ రోజుకు రెండు గంటలు పట్టుకుంటేనే ఆ ఏళ్లు పనికొస్తాయి. డిగ్రీ అయ్యాక చూద్దాంలే అనుకున్న వాళ్లకు మాత్రం ఆ ఏళ్లు హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ గదుల్లోనే కరిగిపోతాయి.

తెల్లవారుజామున మూడు గంటలకు

డెల్టాలో చదువు విలువ తెలియాలంటే రొయ్యల చెరువు గట్టు మీద చూడాలి. మూడు గంటలకు ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) ఆగాయి. రాత్రంతా నీళ్లలోని నాచు కూడా ఆక్సిజన్ తాగేస్తుంది కాబట్టి తెల్లారేముందే నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. నాలుగు పీపీఎం (లీటరు నీళ్లకు నాలుగు మిల్లీగ్రాములు) కన్నా తగ్గితే వనామీ రకం రొయ్య తట్టుకోవడం కష్టం. రొయ్య పైకి తేలడం మొదలైంది. అప్పుడు కావాల్సింది ఎలక్ట్రీషియన్. మూడు ఫేజుల్లో ఒకటి పోయి మోటారు మిగతా రెండింటి మీద లాక్కుంటే వైండింగ్ కాలిపోతుంది. రెండు హెచ్‌పీ మోటారు మూడు, మూడున్నర ఆంపియర్లు తీసుకుంటుంది. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని ఎవరో, కరెంటు ఎక్కువైతే మోటారును ఆపాల్సిన ఓవర్‌లోడ్ రిలేను ఆరు మీద పెట్టేసి పోతారు, మోటారు కాలడానికి అసలు కారణం అదే. రిలేను మోటారు ప్లేటు మీదున్న ఆంపియర్లకు సరిచేసి, ఒక ఫేజు పోగానే మోటారును ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ బిగించిన కుర్రాడికి ఐటీఐ రెండేళ్ల చదువు ఆ రాత్రి అక్షరాలా లక్షలు విలువ చేస్తుంది.

కానీ మోటార్లు బాగానే తిరుగుతున్నా ఆక్సిజన్ ఎందుకు పడిపోతోంది? మేత ఎక్కువైందా, మేత తింటున్నాయో లేదో చూసే చెక్‌ట్రేలో మిగులుతోందా, నీళ్లలోని నాచు (ప్లాంక్టన్) ఒక్కసారిగా చచ్చిందా, సాయంత్రం పీహెచ్ పెరిగి అమ్మోనియా విషమవుతోందా? ఇది చెప్పేది ఫిషరీస్, ఆక్వాకల్చర్ చదివిన వాళ్లు. ఇక్కడ ఫీడ్ కంపెనీ టెక్నీషియన్ ఉద్యోగం డిగ్రీ వాళ్లకు బాగా దొరుకుతుంది. నెల్లూరు దగ్గర ముత్తుకూరు ఫిషరీ కాలేజీలో నాలుగేళ్ల బీఎఫ్ఎస్‌సీ (ఫిషరీస్ డిగ్రీ) చేసిన వాళ్లకు ప్రభుత్వ మత్స్యశాఖ దారి కూడా తెరుచుకుంటుంది. రిస్కు ఒకటుంది. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు రొయ్య ధర పడి, ఆ దెబ్బ భీమవరం చుట్టూ ఉన్న అందరికీ తగిలింది. మోటార్లు తెలిసిన వాడు అలాంటప్పుడు రైస్ మిల్లుకో, ఐస్ ఫ్యాక్టరీకో మారగలడు. నీళ్ల పరీక్ష ఒక్కటే తెలిసిన వాడు ఎదురుచూడాలి.

తృప్తి సంగతి

జీతంలో తేలనిది ఇక్కడ తేలుతుంది. చేతిపని తెలిసిన వాళ్లకు ఆగిన యంత్రం తిరిగినప్పుడు కలిగే సంతోషం నిజమైనది. దాన్ని చిన్నచూపు చూడటం మన పెళ్లి సంబంధాల్లో మొదలై పిల్లల మనసుల్లోకి పాకింది. ఐటీఐ చేసి నెలకు ముప్పై వేలు తెచ్చే వాణ్ణి పక్కనబెట్టి, ఖాళీగా ఉన్న బీటెక్ వాణ్ణి అడుగుతారు. ఈ చిన్నచూపు వల్లే ఇష్టం లేని చదువుల్లో పిల్లలు నలిగిపోతున్నారు.

డిగ్రీ ఇచ్చేది ఇంకొకటి ఉంది, అది తిరుగులేనిది. తీరిక. చరిత్రో, తెలుగో, వృక్షశాస్త్రమో మూడేళ్లు మనసు పెట్టి చదివే అవకాశం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో సాయంత్రాలు కూర్చునే వయసు మళ్లీ రావు. ఆడపిల్లల విషయంలో మా మాట ఖచ్చితం. లంక గ్రామం నుంచి రోజూ పంటు మీద గోదావరి దాటి అమలాపురం బస్సెక్కే అమ్మాయికి ఆ డిగ్రీ మూడేళ్లు పెళ్లి వాయిదా పడుతుంది, సొంతంగా బ్యాంకు ఖాతా, నలుగురితో మాట్లాడే ధైర్యం వస్తాయి. ఇది జీతంలో లెక్కకు రాదు. అయినా ఆ మూడేళ్లకు పెట్టిన ఖర్చు దండగ కాదు.

చేతిపనీ డిగ్రీ రెండూ కావాలంటే వాటికి పోటీ లేదు. ఐటీఐ పాసైన వాళ్లు ఎన్ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్) ద్వారా ఇంటర్‌కు సమానమైన అర్హత తెచ్చుకుని, ఉద్యోగం చేస్తూనే ఇగ్నో (ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీ)లో డిగ్రీ చేయొచ్చు. ఆ డిగ్రీతో బ్యాంకు పరీక్షా రాయొచ్చు. అప్రెంటిస్‌గా చేరే వాళ్లకు 2019 నిబంధనల్లో నెలకు కనీస స్టైపెండ్ ఐటీఐకి 7,000, డిప్లొమాకు 8,000, డిగ్రీకి 9,000గా పెట్టారు. ఈ మూడింటి మధ్య తేడా ఎంత కొంచెమో గమనించండి.

వెబ్ ఆప్షన్లు పెట్టేముందు ఆ కాలేజీకి ఒకసారి వెళ్లండి, ఆఫీసు గదికి కాదు, వర్క్‌షాపుకు. లేత్‌ల మీద నూనె తడి ఉందో దుమ్ము పేరుకుందో చూడండి. మూడో ఏడాది పిల్లలను కిందటేడాది ఎందరు ట్రైనింగ్‌కు నిజంగా వెళ్లారో అడగండి. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తెచ్చుకోండి. డిగ్రీ, బీటెక్ కాలేజీలు వాటిని అట్టిపెట్టుకోకూడదని యూజీసీ (విశ్వవిద్యాలయాల మీద కేంద్ర నియంత్రణ సంస్థ) 2018లోనే చెప్పింది.