ఇంటి వైరింగ్‌కి పీవీసీ వైరా, హాలోజన్ లేని వైరా?

షాపులో రెండు కాయిళ్లు పక్కపక్కన పెడితే తేడా కనిపించదు. రెండూ 90 మీటర్లే, లోపల అదే రాగి. తేడా అంతా పైతొడుగులో ఉంది.

పీవీసీ రెసిన్ బరువులో సగానికి పైగా క్లోరినే. కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది. కంట్లో, గొంతులో తడి తగలగానే అది ఆమ్లమవుతుంది. పాత వైర్లు కాల్చి రాగి తీసే చోటు పక్కనుంచి నడిచినవాళ్లకి ఆ ఘాటు తెలుసు. అదే పొగ రాత్రిపూట మూసిన గదిలో నిండితే తలుపు ఎటుందో కూడా కనపడదు.

హాలోజన్లంటే క్లోరిన్, దాని కోవకు చెందిన మూలకాలు. హాలోజన్ లేని వైరులో అవి ఉండవు. దాని తొడుగు పాలిఒలెఫిన్ అనే ప్లాస్టిక్; అందులో సాధారణంగా అల్యూమినియం హైడ్రాక్సైడ్ లాంటి పొడి కలుపుతారు. వేడెక్కితే అది నీటి ఆవిరి వదిలి మంటను అణుస్తుంది. పొగ బాగా తక్కువ. అయితే కార్బన్ మోనాక్సైడ్ దీన్నుంచీ వస్తుంది, కాబట్టి విషం అసలుండదని ఎవరైనా అంటే నమ్మకండి.

దీని ధర ఎక్కువే. పైపులో లాగేటప్పుడు తొడుగు గీసుకుపోకుండా చూసుకోవాలి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. ‘ఎఫ్‌ఆర్-ఎల్‌ఎస్‌హెచ్’ అని రాసి ఉన్నది కూడా పీవీసీయే, పొగ కాస్త తగ్గించిన రకం. వైరు మీద అచ్చు చదవండి: ఐఎస్ (భారతీయ ప్రమాణం) 694 అంటే పీవీసీ, ఐఎస్ 17048 అంటే హాలోజన్ లేనిది. పిల్లలు, పెద్దవాళ్లు పడుకునే అపార్ట్‌మెంట్‌కి నేనైతే రెండోదే వేయిస్తాను.