పాత రూపాయి వెండిదో కాదో తేల్చే చిన్న కాటా

అరచేతిలో ఇమిడే డిజిటల్ కాటా ఇది. 200 గ్రాముల వరకు తూస్తుంది, 0.01 గ్రాము తేడాను కూడా చూపిస్తుంది. ఇలాంటివి ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపే దొరుకుతున్నాయి. నేను దీన్ని కొన్నది ఒకే ఒక్క పనికి: పాత వెండి రూపాయల్లో అసలేదో, సత్తు రూపాయి ఏదో తేల్చుకోవడానికి. జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను, నాణేలు సేకరిస్తాను. ఈ రెంటినీ ఒకే బల్ల మీదికి తెచ్చిన వస్తువు కాబట్టి దీని గురించి వివరంగా రాయాలనిపించింది.

సంతల్లో, పాత సామాన్ల కొట్లలో రాణి బొమ్మ రూపాయలు, చార్మినార్ రూపాయలు కుప్పలుగా కనిపిస్తాయి. వాటిలో నకిలీలు చాలా ఉంటాయి. కొన్ని రాగి మీద వెండి పూత పూసినవి, కొన్ని జర్మన్ సిల్వర్‌తో చేసినవి. ఈ జర్మన్ సిల్వర్‌లో వెండి లేశమైనా ఉండదు. అది రాగి, నికెలు, జింకు కలిసిన మిశ్రమం. అమ్మేవాళ్లు నాణేన్ని రాతి మీద వేసి ఖంగుమనిపిస్తారు. ఆ మోత విని డబ్బు చేతిలో పెట్టేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. గట్టి లోహం ఏదైనా మోగుతుంది. గీటురాయి మీద గీసి చూద్దామంటే నాణెం పాడవుతుంది, పైగా పూత మందంగా ఉంటే ఆ గీత కూడా వెండి గీతే అవుతుంది.

బరువు చూస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. 1835లో ఈస్టిండియా కంపెనీ స్థిరపరిచిన రూపాయి బరువు ఒక తులం, అంటే 11.66 గ్రాములు, అందులో వెండి 91.7 శాతం. ఈ బరువు నకిలీ చేసేవాడికీ తెలుసు. బిళ్లను కాస్త మందంగా కొట్టి సరిగ్గా అంతే తూగేలా చేస్తాడు. మరోవైపు చేతులు మారి అరిగిపోయిన అసలు రూపాయి 11.4 దగ్గరే ఆగిపోతుంది. బరువొక్కటే చూస్తే దొంగ నాణెం నెగ్గి, నిజమైనది ఓడిపోతుంది. అరిగినా మారనిది సాంద్రత, అంటే ఒక ఘన సెంటీమీటరు లోహం ఎన్ని గ్రాములు తూగుతుందన్నది. వెండికి 10.49, రాగికి 8.96, నికెలుకు 8.9, తగరానికి 7.3. ఈ కాటా గొప్పతనమంతా సాంద్రతను ఇంట్లోనే కొలవనివ్వడంలో ఉంది.

ముందు నాణేన్ని మామూలుగా తూచి అంకె రాసుకోవాలి. తర్వాత ఒక చిన్న ప్లాస్టిక్ గ్లాసులో నీళ్లు పోసి కాటా మీద పెట్టి, సున్నా చేసే బటన్ నొక్కాలి. నాణేన్ని సన్నని దారంతో కట్టి నీటిలో పూర్తిగా మునిగేలా వేలాడదీయాలి. అడుగుకు గానీ అంచుకు గానీ తగలకూడదు. అప్పుడు కాటా చూపే అంకె నాణెం బరువు కాదు, అది పక్కకు నెట్టిన నీటి బరువు. ఒక ఘన సెంటీమీటరు నీరు ఒక గ్రాము తూగుతుంది కాబట్టి, మొదటి అంకెను దీనితో భాగిస్తే సాంద్రత వస్తుంది. నీటిలో ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు కలపండి, లేకపోతే రాణిగారి జుట్టు మడతల్లో గాలి బుడగలు చిక్కుకుని లెక్క తప్పుతుంది. పూజలో పెట్టిన నాణేలకు పసుపు కుంకుమ పేరుకుని ఉంటే గోరువెచ్చని నీటిలో నానబెట్టి తీయండి. చింతపండుతో మాత్రం తోమవద్దు, సేకరించేవారి దృష్టిలో ఆ నాణెం విలువ సగానికి సగం పడిపోతుంది.

నా దగ్గరున్న 1862 విక్టోరియా రూపాయి గాలిలో 11.58, నీటిలో 1.12 చూపింది. సాంద్రత 10.34. 91.7 శాతం వెండికి, మిగతా రాగికి లెక్క కడితే వచ్చే అంకె సరిగ్గా అదే. ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు చార్మినార్ రూపాయి, తెలంగాణలో పెద్దలు హాలీ సిక్కా అనేది, 11.13కు 1.10 ఇచ్చింది. అంటే 10.12. అందులో వెండి 81.8 శాతమే కాబట్టి సాంద్రత కాస్త తగ్గడం న్యాయమే. ఒక సంతలో నాకు ఎంతో నమ్మకంగా చూపించిన 1939 రూపాయి కథ వేరు. ఆ సంవత్సరపు రూపాయి అరుదు, ధర ఎక్కువ. బరువు 11.65, చూడముచ్చటగా ఉంది. కొనడానికి ముందే పక్కనున్న టీ కొట్టు బల్ల మీద పరీక్ష చేశాను. నీటిలో 1.32 వచ్చింది, అంటే 8.83. అందులో వెండి పైపూతకు మించి లేదు. నాణెం తిరిగి ఇచ్చేశాను. అమ్మజూపిన మనిషి ఇంకా వాదిస్తూనే ఉన్నాడు, కానీ కాటా అంకెతో వాదించడం ఎవరి తరమూ కాదు.

అయితే అంకెను సంవత్సరంతో కలిపి చదవడం తెలియాలి. 1940 నుంచి రూపాయిలో వెండిని 50 శాతానికి తగ్గించారు, మిగతాది రాగి, నికెలు, జింకు. దాని సాంద్రత 9.5 దగ్గర వస్తుంది. అది చూసి నకిలీ అనుకోవద్దు. 1947 రూపాయి, వెనుక పులి ఉండేది, పూర్తిగా నికెలు. సాంద్రత 8.9 వస్తుంది, అయస్కాంతానికి టక్కున అంటుకుంటుంది. అదే అసలు! అయస్కాంతానికి అంటిందని దాన్ని పారేసిన ఇళ్లున్నాయి. ఆ ఏడాది రూపాయి అయస్కాంతానికి అంటకపోతేనే అనుమానించాలి.

ఇక కాటాలో లోపాలు. కాసేపు తాకకపోతే దానంతటదే ఆగిపోతుంది. దారం సర్దుకునేలోపు తెర ఆరిపోతే మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఇది నిజంగా విసిగించే లోపం. ఫ్యాను తిరుగుతుంటే అంకె నిలకడగా ఉండదు, మన వేసవిలో ఫ్యాను ఆపి కూర్చోవడం తేలిక కాదు. సరిచూసుకోవడానికి 100 గ్రాముల తూకపు బిళ్ల పెట్టెలో రాలేదు, విడిగా కొన్నాను. మీ దగ్గర అది లేకపోతే 2012 నుంచి 2018 వరకు సంవత్సరం వేసి ఉన్న నాణేలతో సరిచూడండి. రూపాయి 3.79, రెండు రూపాయలు 4.85, ఐదు రూపాయలు 6.00 గ్రాములు తూగాలి.

లోహం సరైనదై ఉండి నాణెం దొంగదైన చోట ఈ కాటా ఏమీ చేయలేదు. 1911 రూపాయినే తీసుకోండి. ఐదవ జార్జి అంగీ మీదున్న ఏనుగు బొమ్మ పందిలా కనిపిస్తోందని గొడవ రావడంతో దాన్ని వెనక్కి తీసుకుని ఎక్కువ భాగం కరిగించారు, తర్వాతి ఏడాది బొమ్మ మార్చారు. అందుకే 1912 రూపాయి మీద చివరి అంకెను గీకి 1911గా మార్చి అమ్ముతారు. అది మంచి వెండే, సాంద్రత 10.3 చక్కగా వస్తుంది. అక్కడ భూతద్దంతో ఏనుగు తొండం చూడాలి. అలాగే ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 సంవత్సరం, సీతారాముల బొమ్మ ఉన్న రాగి బిళ్లలు. కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ వేయలేదు. బియ్యపు గింజలను లాగుతుందంటూ ఇలాంటివాటిని అంటగట్టి లక్షలు కాజేసిన ముఠాల వార్తలు మన రెండు రాష్ట్రాల్లో ఏటా వింటూనే ఉన్నాం. దాన్ని తూచే శ్రమ కూడా వద్దు.

కొనేవారికి రెండు మాటలు. 0.1 గ్రాము వరకే చూపే కాటా ఈ పనికి అసలు పనికిరాదు, కచ్చితంగా 0.01ది తీసుకోండి. దండలో వేసుకోవడానికి కొక్కెం అతికించిన రూపాయలుంటే, అతుకు లోహం వల్ల అంకె తప్పుతుందని గుర్తుంచుకోండి. రూపాయికి, అర్ధ రూపాయికి ఈ యంత్రం నమ్మదగినది. వెండి రెండణాల బిళ్లకు మాత్రం కాదు: అది 1.46 గ్రాములే తూగుతుంది, నెట్టే నీరు 0.14 గ్రాములే. ఒక్క 0.01 తేడా వస్తే సాంద్రత 10.4 నుంచి 9.7కు జారిపోతుంది. వాటికి 0.001 గ్రాము వరకు చూపే కాటా కావాలి, ధర ఎక్కువే అయినా నేను తర్వాత కొనబోయేది అదే.