పీహెచ్‌పీ సెట్టింగులు చూపించే పేజీ: ఏళ్ల వాడకం తర్వాత

విజయనగరంలో చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు చేసి పెట్టి, ఆ తర్వాత వాటిని కనిపెట్టుకుని ఉండటం నా పని. ఫొటో స్టూడియోలు, స్కూళ్లు, బొబ్బిలి దగ్గర పనస కర్రతో వీణలు చేసే ఓ కుటుంబం. అన్నీ షేర్డ్ హోస్టింగే (ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకునేది), అన్నీ పీహెచ్‌పీయే (సర్వర్ మీద సైటును నడిపే ప్రోగ్రామింగ్ భాష). హోస్టింగ్ గురించి రాసేవాళ్లు ధర, స్పేస్, స్పీడ్ రాసి ఊరుకుంటారు. నాకు మాత్రం ఏ హోస్టింగ్ మంచిదో తేల్చి చెప్పేది, హోస్టింగ్ కంపెనీ సైటు చూసుకోవడానికి ఇచ్చే ప్యానెల్లో పీహెచ్‌పీ సెట్టింగులు చూసుకునే చోటే.

అక్కడ రెండు ఉంటాయి. ఒకటి ఫారం లాంటి తెర. మెమరీ ఎంత, అప్‌లోడ్ సైజు ఎంత, స్క్రిప్ట్ ఎన్ని సెకన్లు నడవొచ్చు, ఎర్రర్లు తెర మీద చూపాలా వద్దా అన్నవి మార్చుకోవచ్చు. రెండోది పీహెచ్‌పీ ఇన్ఫో పేజీ. ఇది ఏదీ మార్చదు, ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. చాలామంది మొదటిదాంతో ఆగిపోతారు. నా ఓటు రెండోదానికి.

ఎందుకో చెప్తాను. వీణల పెద్దాయన ఓ పొద్దున్న ఫోన్ చేసి, "ఫొటోలు ఎక్కడం నేదు బాబూ, ఏటయిందో సూడు" అన్నారు. ఆయన ఫోనుతో తీసే ఫొటో ఒక్కోటీ 5 ఎంబీ దాటుతుంది. ఫారంలో చూస్తే అప్‌లోడ్ పరిమితి 32 ఎంబీ అని ఉంది. హోస్టింగ్ సపోర్టువాళ్లు బ్రౌజర్ క్యాష్ తుడవమన్నారు. పీహెచ్‌పీ ఇన్ఫో తెరిస్తే అసలు సంగతి బయటపడింది. పరిమితి 2 ఎంబీ, అంటే ఎవరూ ముట్టుకోనప్పుడు పీహెచ్‌పీ తనతో తెచ్చుకునే అంకె. 'లోడెడ్ కాన్ఫిగరేషన్ ఫైల్' అన్న వరుసలో ఫైలు దారి ఉంటుంది. అది వేరే వెర్షన్‌ది. సైటు కొత్త పీహెచ్‌పీకి మారింది, ఫారం చూపిస్తున్న అంకె పాత వెర్షన్‌ది. ఒక్కో వెర్షన్‌కు సెట్టింగుల ఫైలు విడిగా ఉంటుందని ఫారం ఎక్కడా చెప్పదు.

ఆ పేజీలో ప్రతి సెట్టింగుకూ రెండు గడులుంటాయి: లోకల్ వాల్యూ, మాస్టర్ వాల్యూ. మాస్టర్ సర్వర్ మొత్తానికి పెట్టినది, లోకల్ ఈ ఫోల్డర్లో నిజంగా నడుస్తున్నది. మనం పెట్టిన మార్పు పట్టిందో లేదో లోకల్ గడే చెప్తుంది. యూజర్ ఐఎన్‌ఐ ఫైల్లో (మన ఫోల్డర్లో మనమే పెట్టుకునే సెట్టింగుల ఫైలు) మార్పు రాస్తే వెంటనే కనిపించదు, పీహెచ్‌పీ దాన్ని మామూలుగా 300 సెకన్లకోసారే మళ్లీ చదువుతుంది. ఐదు నిమిషాలు ఆగి చూడండి.

అప్‌లోడ్ సైజు ఒక్కటే పెంచితే చాలదు. ఫొటోలన్నీ ఒకేసారి పంపితే వాటి మొత్తం బరువు పోస్ట్ సైజు (ఒక్కసారి పంపే మొత్తం సమాచారానికి పరిమితి) లోపల ఉండాలి; దాని మామూలు అంకె 8 ఎంబీ. దాటితే సైటులోని ఫారంలో నింపినదంతా సర్వర్ దగ్గరికి ఖాళీగా చేరుతుంది, పేరూ ఫోన్ నంబరుతో సహా.

ఇంతకంటే దొంగ సెట్టింగు ఇంకోటుంది: ఇన్‌పుట్ గడుల పరిమితి, మామూలుగా 1000. ఓ బడిలో టీచరు క్లాసు మొత్తానికి ఒకే పేజీలో మార్కులు ఎక్కిస్తారు. 60 మంది పిల్లలు, ఒక్కొక్కరికి 18 గడులు, మొత్తం 1080. వెయ్యి దాటినవి పీహెచ్‌పీ వదిలేస్తుంది. ఎర్రర్లు తెర మీద రాకుండా ఆపి ఉంటాయి కాబట్టి (నడుస్తున్న సైటుకు ఆపే ఉంచాలి) టీచరుకు ఏమీ కనిపించదు. హాజరు పట్టీలో చివరి నలుగురైదుగురి మార్కులే ప్రతిసారీ పోతుంటే ఏ తల్లిదండ్రులు ఊరుకుంటారు? ఆ అంకె చూడగానే కారణం దొరికింది.

తెలుగు సైట్లవాళ్లు ఎంబీస్ట్రింగ్ అనే విభాగం ఉందో లేదో తప్పక చూసుకోవాలి. 'బొబ్బిలి' అన్న మాటను మామూలు పద్ధతిలో కొలిస్తే పీహెచ్‌పీ 24 అంటుంది, ఎందుకంటే అక్షరాలను కంప్యూటర్లో దాచే యూటీఎఫ్ 8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి. ఎంబీస్ట్రింగ్‌తో కొలిస్తే 8. అది లేకుండా వార్త శీర్షికలు కత్తిరిస్తే చివర విరిగిన గుర్తులు మిగులుతాయి. టైమ్ జోన్ వరుస కూడా చూడండి. అది యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటే ఆర్డర్ల టైమ్ అయిదున్నర గంటలు వెనక పడుతుంది.

పేజీ నెత్తిన వెర్షన్ ఉంటుంది. అక్కడ 7.4 కనిపిస్తే దానికి సెక్యూరిటీ మరమ్మతులు 2022 నవంబరులోనే ఆగిపోయాయని గుర్తుంచుకోండి.

ఒక జాగ్రత్త చెప్పి తీరాలి. ఈ పేజీ చూడటానికి సైట్లో పెట్టుకునే పీహెచ్‌పీ ఇన్ఫో ఫైలును అలాగే వదిలేయకండి. ఫోల్డర్ల దారులు, సర్వర్ వివరాలు దారినపోయేవాడికి కూడా కనిపిస్తాయి. పని అవగానే తీసేయండి. వర్డ్‌ప్రెస్ (సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకు అసలు ఫైలు పెట్టే అవసరం అంతగా రాదు. 2019లో వచ్చిన 5.2 వెర్షన్ నుంచి దాని సైట్ హెల్త్ అనే పేజీలో సర్వర్ విభాగం ముఖ్యమైన అంకెలన్నీ చూపిస్తోంది.

ప్యానెల్ తయారుచేసేవాళ్లను నేను అడిగేది ఒక్కటే: ఫారంలో అంకె పక్కనే నిజంగా నడుస్తున్న అంకె కూడా చూపించండి. కొన్ని కంపెనీలు పీహెచ్‌పీ ఇన్ఫోనే నిలిపేస్తాయి. ఆ సెట్టింగు మన చేతిలో ఉండదు, వాళ్లే తెరవాలి. అలాంటిచోట నేను డబ్బు కట్టే ముందే సపోర్టుకు రాస్తాను. ప్యానెల్ లోపలైనా చూపించం అంటే, ఎంత చవకైనా నా కస్టమర్ల సైట్లు అక్కడ పెట్టను.